విలువ ఎంత వేయమంటారు?

ప్రశ్న: పెదవాల్తేరులో 22 ఏళ్ల నాటి అపార్ట్‌మెంటులో ఓ ఫ్లాటు 68 లక్షలకు కుదిరింది. బ్యాంకు రుణం తీసుకోవాలి. ‘బ్యాంకు కోసం విలువ కట్టే వాల్యుయర్ మనవాడే, 80 లక్షలకు రిపోర్టు ఇప్పిస్తాను. అగ్రిమెంటూ అంతకే రాసుకోండి, చేతి డబ్బు పెద్దగా అక్కర్లేదు’ అంటున్నారు మధ్యవర్తి. అందరూ చేసేదేనట. ఇందులో తప్పుందా?
— ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ

జవాబు: ఉంది. ముందు మీ నష్టం చూడండి. 30 లక్షలు దాటి 75 లక్షల లోపు గృహరుణమైతే ఇంటి విలువలో 80 శాతానికి మించి ఇవ్వకూడదన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. 68 లక్షల మీద అది 54.40 లక్షలు, 80 లక్షల మీద 64 లక్షలు. అదనంగా చేతికొచ్చే 9.60 లక్షలకు 8.5 శాతం వడ్డీ చొప్పున 20 ఏళ్ల పాటు నెలకు దాదాపు 8,330 రూపాయలు కట్టాలి. మొత్తం 20 లక్షలవుతుంది. దస్తావేజూ 80 లక్షలకే రాయిస్తే, లేని 12 లక్షల మీద స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే మరో 90 వేలు. అమ్మినవారి లెక్కలోనూ అందని సొమ్ము అందినట్టు చేరుతుంది. రేపు ఏ కారణంగానైనా ఫ్లాటు అమ్మాల్సి వస్తే వచ్చిన డబ్బు దాదాపు అంతా అప్పుకే పోవచ్చు. వీటన్నిటికీ మించి, తప్పుడు అగ్రిమెంటుతో బ్యాంకును నమ్మించడం మోసం. ఆ కాగితం మీద సంతకం మీదే.

ఆ 12 లక్షలు రిపోర్టులోకి ఎలా వస్తాయో తెలిస్తే మీరే పట్టుకోగలరు. ఎక్కువగా పోలిక దగ్గరే మాయ జరుగుతుంది. పాత ఫ్లాటుకు అదే వీధిలోని కొత్త ఫ్లాటు రేటు వేస్తారు, లేదా సముద్రం కనిపించే వరసలోని రేటు తెచ్చి లోపలి సందుకు అంటిస్తారు. ప్రకటనల్లో అడుగుతున్న ధరలను అమ్ముడైన ధరలుగా చూపేవారూ ఉన్నారు. సరైన పోలికంటే దగ్గర్లో, ఇంచుమించు అదే వయసున్న, ఈ మధ్యే రిజిస్టరైన కనీసం మూడు అమ్మకాలు. అంతస్తు, లిఫ్టు, పార్కింగు తేడాలకు ఎంత కలిపారో, ఎంత తీసేశారో రాసి ఉండాలి.

రెండోది తరుగుదల. కట్టడం ఆయుష్షు 60 ఏళ్లు, చివర్లో మిగిలే విలువ 10 శాతం అనుకుంటే 22 ఏళ్లకు తరుగుదల 90×22÷60, అంటే 33 శాతం. ఇది కట్టడానికే, స్థలంలో మీ అవిభక్త (విడదీయని ఉమ్మడి) వాటాకు కాదు. ఉప్పుగాలి తగిలే చోట లెక్క ఇక్కడితో ఆగదు. బాల్కనీ అడుగుభాగం, సన్‌షేడ్లు, స్టిల్టు (కింది పార్కింగు అంతస్తు) స్తంభాల దగ్గర పెచ్చులూడి చువ్వలు తుప్పు పట్టాయేమో చూడాలి. గుమ్మం బయటి నుంచి ఫొటో తీసుకుని వెళ్లిపోయిన వాల్యుయర్‌కు ఇవేవీ కనబడవు. వైశాల్యాన్నీ టేపుతో కొలిచి దస్తావేజుతో సరిచూడాలి.

ఇంకొక మాట. ఫీజు మీ ఖాతాలోంచే పోయినా, బ్యాంకు పంపిన వాల్యుయర్ జవాబుదారీ బ్యాంకుకే. మీకోసం విలువ తెలుసుకోవాలంటే అడ్వాన్సు ఇవ్వకముందే వేరే వాల్యుయర్‌తో కట్టించుకోండి.

ప్రశ్న: సివిల్ ఇంజనీరుని, ఈమధ్యే రిజిస్టర్డ్ వాల్యుయర్‌నయ్యాను. నాకు వాటాలున్న ఒక కంపెనీ తన స్థలానికి కంపెనీల చట్టం కింద విలువ కట్టమంటోంది. కట్టిన విలువలో అర శాతం ఫీజు ఇస్తారట. ఒప్పుకోవచ్చా?
— ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: వద్దు. ప్రత్యక్షంగా గానీ పరోక్షంగా గానీ మీకు ఆసక్తి ఉన్న ఆస్తికి విలువ కట్టకూడదని 2013 కంపెనీల చట్టం 247వ సెక్షన్ చెబుతోంది. నియామకానికి ముందు మూడేళ్లు, విలువ కట్టాక మూడేళ్లు కూడా ఈ నిషేధంలోకి వస్తాయి. వాటాలు ఇప్పుడు అమ్మేసినా దారి తెరుచుకోదు.

ఇక ఫీజు సంగతి. అంకె పెరిగితే మీ సంపాదన పెరిగే ఏర్పాటు ఏ పనిలోనూ పెట్టుకోకండి. పని ఫలించాకే ఇచ్చే ఫీజునైతే రిజిస్టర్డ్ వాల్యుయర్ల 2017 నియమాల్లోని ప్రవర్తనా నియమావళే వద్దంది. పని మొదలుపెట్టక ముందే స్థిరమైన మొత్తం రాతపూర్వకంగా ఖరారు చేసుకోండి. కొలతల కాగితాలు, ఫొటోలు, పోలిక అమ్మకాల వివరాలు కనీసం మూడేళ్లు దాచండి.

ప్రశ్న: నాన్నగారు 1988లో కట్టిన ఇల్లు అమ్ముతున్నాం. లాభం మీద పన్ను లెక్కలో ఖర్చు బదులు చూపే 2001 నాటి విలువ కట్టించబోతే వాల్యుయర్ ‘ఎంత వేయమంటారు?’ అని అడిగారు. ఏం చెప్పాలి?
— ఒక పాఠకురాలు, పెందుర్తి

జవాబు: ఏమీ చెప్పకండి, వేరేవారి దగ్గరికి వెళ్లండి. అంకె ముందే అనుకుని దానికి రిపోర్టు అల్లడమే ఈ వృత్తిలో అన్నిటికన్నా పెద్ద తప్పు. పైగా అది మీకు పనికీ రాదు. 2001 ఏప్రిల్ 1 నాటి స్టాంపు డ్యూటీ విలువ (రిజిస్ట్రేషన్ కోసం ప్రభుత్వం కట్టిన విలువ) దొరుకుతున్నప్పుడు అంతకు మించి చూపడానికి వీల్లేదు. కాబట్టి ముందు సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఆ తేదీకి మీ వీధి విలువ రాతపూర్వకంగా తీసుకోండి. ఉదాహరణకు స్థలం గజం 1,500 అని ఉంటే, 200 గజాలకు 3 లక్షలు. వాల్యుయర్ గజం 3,000 వేసినా ఆ 3 లక్షలే నిలుస్తాయి.

కట్టడం దగ్గర పొరపాట్లు ఎక్కువ. అప్పటి నిర్మాణ ఖర్చే తీసుకోవాలి, ఇవాళ్టిది కాదు. తరుగుదలా అప్పటికి నిండిన 13 ఏళ్లకే, మొదటి జవాబులోని లెక్కన 19.5 శాతం. 2001 తర్వాత పై అంతస్తు వేసి ఉంటే ఇందులో కలపకండి. దాని ఖర్చును కట్టిన ఏడాది కింద విడిగా, బిల్లులు, ప్లాను మంజూరు కాగితాలతో చూపాలి.