చందనం వాసన రాని సింహాచలం

“గుడిలో కలిగే పరవశం నిజమైన భక్తా, లేక కర్పూరం, గంటలు, జనసందోహం కలిసి మనసును మభ్యపెట్టడమా?” అని మీరు అడిగారు.

2021కి ముందు అడిగి ఉంటే తడుముకోకుండా జవాబిచ్చేదాన్ని. భక్తి లోపల ఉంటుంది, ధూపదీపాలు పైపై హంగులు అనేదాన్ని. ఆ ఏడాది మే నెలలో మా ఇంటిల్లిపాదికీ కరోనా వచ్చింది. అందరికీ తగ్గింది. నాకూ తగ్గింది కానీ వాసన మాత్రం తిరిగి రాలేదు. ఒకరోజు పొయ్యి మీద పాలు మాడి గిన్నె నల్లబడుతుంటే పక్కనే నిలబడి ఫోన్లో మాట్లాడుతున్నాను. అవతలి గదిలోంచి మా అమ్మాయి పరుగెత్తుకొచ్చి స్టవ్ కట్టేసింది.

వంట, తిండి ఎలాగోలా సర్దుకుపోయాయి. ఉప్పు, పులుపు, కారం తెలుస్తూనే ఉన్నాయి కదా, ఉప్మా ఉప్మాలా లేకపోయినా తినేయవచ్చు. ఇబ్బంది వచ్చింది దేవుడి గదిలో. దీపం వెలిగించి, అగరొత్తి గుచ్చి కూర్చుంటే ఎదురుగా పటాలు కనిపిస్తున్నాయి, అంతే. ఎవరిదో పెళ్లి ఆల్బమ్ తిరగేస్తున్నట్టు ఉండేది. శ్లోకాలు నోటికి వచ్చినవే కాబట్టి వచ్చేస్తున్నాయి, కానీ ఆ పది నిమిషాల్లో నాలో ఏమీ కదిలేది కాదు. ముప్పై ఏళ్ల అలవాటు వారం రోజుల్లో ఎండిపోతుందని ఊహించలేదు. మొదట పాపభీతి పట్టుకుంది. భక్తి తగ్గిందేమో, కష్టకాలంలో లోలోపల దేవుడి మీద కోపం వచ్చిందేమో అనుకున్నాను. ముక్కు మీదికి అనుమానం పోలేదు.

అక్టోబరులో సింహాచలం వెళ్లాను. మాది విశాఖ. అప్పన్న మాకు కుటుంబ పెద్ద లాంటివాడు. తెలియనివారి కోసం చెబుతున్నాను: అక్కడ వరాహ లక్ష్మీనరసింహస్వామి ఏడాది పొడవునా చందనం పూతలోనే ఉంటాడు. చూడటానికి శివలింగంలా కనిపిస్తాడు. వైశాఖంలో అక్షయ తృతీయ ఒక్కరోజే ఆ పూత ఒలిచి నిజరూప దర్శనం ఇస్తారు. ఆ రాత్రి నుంచే మళ్లీ చందన సమర్పణ మొదలు, విడతకు మూడు మణుగుల చొప్పున నాలుగు విడతలు. ఆఖరి విడత ఆషాఢ పౌర్ణమికి. ఆ చందనమంతా దేవస్థానంలోనే రాళ్ల మీద చేత్తో అరగదీస్తారు. చందనం వాసనే ఒంటికి చుట్టుకున్న దేవుడి ముందు ముక్కు పనిచేయని భక్తురాలు నిలబడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. కొండకింద సంపెంగలు అమ్మే ఆమె నా చేతిలో పొట్లం పెట్టింది. అలవాటుగా ముక్కు దగ్గర పెట్టుకున్నాను. కాగితం.

లోపల దీపాలు, చీకటి, నల్లరాయి, తోపులాట, అన్నీ యథాతథం. “గోవిందా” అన్నాను, చేతులు జోడించాను, ఏమీ జరగలేదు. తల మీద శఠగోపం పెట్టినప్పుడు మాత్రం దాని చల్లదనం మాడుకు తగిలి ఒక్క క్షణం ఒళ్లు జల్లుమంది. తర్వాత తీర్థం పుచ్చుకుంటే పచ్చకర్పూరం వాసన లేదు కానీ గొంతులో చల్లగా జారింది. ఇదేమిటని ఆశ్చర్యపోయాను.

దాని కారణం తర్వాత చెవి, ముక్కు, గొంతు డాక్టరు చెప్పారు. ముక్కులో రెండు వేర్వేరు తీగలు ఉంటాయట. ఒకటి అసలైన వాసన నరం. రెండోది ముఖమంతటికీ స్పర్శ, మంట, చల్లదనం తెలియజేసే ట్రైజెమినల్ నరం. కర్పూరం, పుదీనా, ఉల్లిపాయ ఘాటు ఈ రెండో తీగను కూడా మీటుతాయి. కరోనా దెబ్బ మొదటిదానికి తగిలింది. అది కూడా నేరుగా నరాలకు కాదట, వాటిని అంటిపెట్టుకుని పోషించే కణాలకు. అందుకే కర్పూరం ‘వాసన’ పోయినా కర్పూరం ‘చలువ’ మిగిలింది.

ఇంకో మాట కూడా ఆయనే చెప్పారు, మీ ప్రశ్నకు అసలు తాళంచెవి అదే. చూపు, వినికిడి, స్పర్శ మెదడులోని థాలమస్ అనే కూడలి దాటుకుని పైకి వెళ్తాయి. వాసన ఆ కూడలికి వెళ్లకుండానే భావోద్వేగాలను, జ్ఞాపకాలను చూసుకునే అమిగ్డలా, హిప్పోక్యాంపస్‌ల ఇంటి గుమ్మంలోకి వచ్చేస్తుంది. ఇది ఫలానా వాసన అని మనసు పేరు పెట్టేలోపే గుండె కరగడం అయిపోతుంది.

సరే, కరుగుతుంది. కానీ దేనికి కరగాలో ఎవరు నేర్పారు? నా మటుకు మా అమ్మమ్మ. శనివారం సాయంత్రం పొయ్యిలోంచి రెండు బొగ్గు కణికలు తీసి మట్టి ప్రమిదలో వేసి, సాంబ్రాణి చిటికెడు చల్లి, కొంగుతో విసురుతూ గదిగదికీ తిప్పేది. ఆ సమయంలో నవ్వకూడదు, కొట్టుకోకూడదు, బోర్లా పడుకోకూడదు. ఇంటి మొత్తానికి అది ఒక్కటే నిశ్శబ్దమైన గంట. ఇంకా వెనక్కి వెళ్తే, నాకు గుర్తులేని రోజుల్లో, తలంటిన పసిపిల్లగా నన్ను ఒళ్లో వేసుకుని బోర్లించిన వెదురు గంప మీద తడి జుట్టు పరిచి, కింద సాంబ్రాణి పొగ వేసేవారు. మా అమ్మాయికి నేను వేసినట్టే. అంటే ఆ వాసన నాకు దేవుడి కంటే ముందు తెలుసు. మొదట అది వేడినీళ్లు, నూనె మర్దన, అమ్మ ఒడి, నిద్ర. తర్వాతే నరసింహస్వామి వచ్చి ఆ ఒళ్లో కూర్చున్నాడు.

మా ఊళ్లో హార్బరు దగ్గర పక్కపక్కనే మూడు కొండలు ఉన్నాయి. ఒకదాని మీద మేరీమాత చర్చి, రాస్‌హిల్ అంటారు. ఒకదాని మీద ఇసాక్ మదీనా దర్గా. మూడోదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి. ఒకసారి నా సహోద్యోగితో పండుగ పూట చర్చికి వెళ్లాను. గురువు గొలుసుల ధూపపాత్ర ఊపుతుంటే ఆమె చేతి మీద రోమాలు నిక్కబొడుచుకోవడం నా కళ్లారా చూశాను. నాకేమో స్నానం చేయించిన పసిపిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది. దర్గాలోనూ అదే పొగ, పైగా నెమలీకల కట్టతో తల మీద తట్టడం. అక్కడ పెరిగిన పిల్లవాడికి ఆ ఈకల తాకిడిలో ఉన్నది నాకు శఠగోపంలో ఉంది. పొగ ఒకటే, ముక్కులూ ఒకటే, ఒక్కొక్కరి ముక్కు చదువుకున్న బడి వేరు.

మా అన్నయ్య కొడుకు అమెరికాలో పుట్టి పెరిగాడు. సింహాచలం తీసుకెళ్తే తడిసిన మెట్లు, నూనె జిడ్డు, ఒంటికి ఒళ్లు రాసుకునే వరుస చూసి వాడికి కళ్లు తిరిగాయి. వాళ్లమ్మ చిన్నబుచ్చుకుంది. నేను తర్వాత నెమ్మదిగా అడిగాను, “నీకు ఎప్పుడు దేవుడు గుర్తొస్తాడురా?” అని. వాడు చాలాసేపు ఆలోచించి చెప్పాడు: వాళ్ల ఊరి గుడిలో కార్పెట్టు, బూట్ల అరల వాసన, ఆదివారం కింది హాల్లోంచి వచ్చే పులిహోర ఘుమఘుమ. చెబుతుంటే వాడి ముఖం మెత్తబడింది. అది భక్తి కాదని అనడానికి నేనెవరిని?

ఇక కాళ్ల సంగతి. కరోనా ఆంక్షలు సడలాక 2022 జులైలో, ఆషాఢ పౌర్ణమి ముందురోజు, గిరిప్రదక్షిణకు బయల్దేరాను. సింహగిరి చుట్టూ 32 కిలోమీటర్లు, చెప్పులు లేకుండా. నిజం చెప్పాలంటే మొక్కుబడేమీ లేదు. మా వదిన ఒంటరిగా వెళ్తానంటే తోడుగా కదిలాను. కొండకింద మొదటి మెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి మధ్యాహ్నం నడక మొదలుపెట్టాం. అడవివరం దాటేసరికి తారు రోడ్డు వేడి అరికాళ్లలోంచి మోకాళ్లకు పాకింది. దారిపొడవునా ఇళ్లవాళ్లు బయటికొచ్చి మజ్జిగ, మంచినీళ్లు, అరటిపళ్లు చేతుల్లో పెడుతున్నారు, కొందరు రోడ్డు చల్లబడాలని బిందెలతో నీళ్లు పోస్తున్నారు. అప్పుఘర్ దగ్గర సముద్రంలో మునిగి లేచాం. అదొక పొరపాటు. తడి పాదాలకు అంటుకున్న ఇసుక తర్వాత రోడ్డు మీద గరుకు కాగితంలా రుద్దింది. వెంకోజీపాలెం వచ్చేసరికి ఎడమ మడమ మీద రూపాయి బిళ్ల అంత పొక్కు లేచింది.

మాధవధార దాటాక అర్ధరాత్రి ఎప్పుడో వదిన మాట్లాడటం మానేసింది. నేనూ మానేశాను. చుట్టూ వేల కాళ్ల చప్పుడు, అప్పుడప్పుడు వెనకెక్కడో ఒక గొంతు “సింహాద్రి అప్పన్నా” అని ఎత్తుకుంటే అది అల లాగా ముందుకు పాకి పోవడం. నా ముందు ఒక పెద్దావిడ నడుస్తోంది. వంగిన నడుము, వీపున చీర కొంగులో కట్టిన చిన్న మూట. ఆవిడ అడుగుతో నా అడుగు కలిసిపోయింది, నేను కలపలేదు. గోపాలపట్నం దగ్గరో ఎక్కడో, ఏ కారణమూ లేకుండా, కళ్లవెంట నీళ్లు ధారగా కారాయి. బాధ కాదు. ఏడాదిగా నా దేవుడి గదిలో వెతుక్కుంటున్నది మడమ మీది పొక్కులోంచి వచ్చింది.

నిద్రలేమి, ఆకలి, నొప్పికి శరీరం విడుదల చేసే ఎండార్ఫిన్లు అని మీరు అనవచ్చు. అవే. మా ఆయన కూడా అదే అన్నారు, కాళ్లకు పసుపు, కొబ్బరినూనె రాస్తూ. నేను కాదనలేదు. కానీ ఆ లెక్కన ఉదయం పూట మైదానంలో పది చుట్లు పరుగెత్తే ప్రతివాడూ అప్పన్న కోసం ఏడవాలి.

స్పెయిన్‌లో సాన్ పెద్రో మాన్రికే అని ఒక ఊరుంది. ఏటా జూన్ 23 రాత్రి అక్కడివాళ్లు నిప్పుల మీద నడుస్తారు, మన ఊళ్లలో గుండం తొక్కినట్టే. పరిశోధకులు నడిచేవారికీ, చూసేవారికీ గుండె చప్పుడు కొలిచే పరికరాలు కట్టి, ఫలితాలను 2011లో ప్రచురించారు. నడిచేవారి గుండె లయ ఎలా ఎగసిపడిందో, కూర్చుని చూస్తున్న బంధుమిత్రుల గుండె లయ కూడా అలాగే ఎగసింది. ఊరితో సంబంధం లేని ప్రేక్షకుల గుండెలు మాత్రం తమ దారిన తాము కొట్టుకున్నాయి. అదే నిప్పు, అదే కేక, అదే రాత్రి. అవతలివాడు నావాడు అన్న ఎరుక ఉన్నచోటనే శరీరం స్పందించింది. నా ముందు నడిచిన పెద్దావిడ పేరు కూడా నాకు తెలియదు, అయినా ఆవిడ నా మనిషి అని నా కాళ్లకు తెలుసు. ఆ మాట వాటికి అమ్మమ్మ చెప్పింది, అడవివరంలో మజ్జిగ ఇచ్చిన చేతులు చెప్పాయి.

అందుకే మీ ప్రశ్నలో ‘లేక’ అన్న ఒక్క పదంతోనే నాకు పేచీ. అమ్మ చేతి ముద్ద రుచి తెలిసేది నాలుక మీదే. అంతమాత్రాన అది నాలుక చేసిన మోసం అనం. అలాగని దేవుడు ఉన్నాడనడానికి నా పొక్కు సాక్ష్యమనీ చెప్పను. ఉన్నాడా లేడా అన్నది ముక్కూ కాళ్లూ తేల్చే వ్యవహారం కాదు. ఉంటే మాత్రం నా వరకు వచ్చే దారి ఈ ఒళ్లే, వేరే గుమ్మం నాకు తెలియదు.

ఇంత చెప్పాను కాబట్టి ముక్కు ఏమైందో కూడా చెప్పాలి. ఆ డాక్టరు వాసనల సాధన చేయించారు. రోజుకు రెండుసార్లు గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి తైలం, ఒక్కొక్కటి కాసేపు ముక్కు దగ్గర పెట్టుకుని ఆ వాసనను గుర్తు చేసుకుంటూ పీల్చడం. సంగీతం మాస్టారు సరళీస్వరాలు చెప్పించినట్టు ఉంటుంది, విసుగు. ఐదోదిగా నేను సాంబ్రాణి చేర్చుకున్నాను. ఆరేడు నెలలకు వాసనలు రావడం మొదలైంది కానీ వంకరగా వచ్చాయి. కాఫీ కాలిన రబ్బరులా, అగరొత్తి తడిసిన కుక్కలా. అప్పట్లో మా ఇంట్లో అగరొత్తులు మానేసి నేతి దీపం ఒక్కటే పెట్టేవాళ్లం.

ఇప్పుడు ముప్పాతిక వంతు తిరిగొచ్చింది. చందనం ఒక్కటే సతాయిస్తోంది. నిజరూప దర్శనం నాటి చందన ప్రసాదం పొట్లం ఇంట్లో ఉంది. కళ్లు మూసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏమీ రాదు. అమ్మమ్మ సానరాయి మీద నాలుగు చుక్కలు నీళ్లు పోసి, గంధపు చెక్క అరగదీస్తూ ఆ గరగర చప్పుడు వింటే మాత్రం వస్తుంది, పలచగా, ఒక్క నిమిషం పాటు. మా అమ్మాయి నమ్మలేదు. నా చెవుల్లో దూది పెట్టి రెండుసార్లు పరీక్షించింది. రెండుసార్లూ రాలేదు. దూది తీయగానే వచ్చింది.