డ్రిఫ్టింగ్ నేర్చుకోవడానికి మొదటి కారు ఏది కొనాలి?

ఎంఎస్ ముగించి న్యూజెర్సీలో ఉద్యోగంలో చేరానని, చేతిలో 9 వేల డాలర్లు ఉన్నాయని, ఆఫీసుకు వెళ్లడానికీ డ్రిఫ్టింగ్ (వెనక చక్రాలను కావాలని జార్చి కారును పక్కవాటుగా నడపడం) నేర్చుకోవడానికీ ఒకే కారు సరిపోతుందా అని మీరు అడిగారు. ఇంటి దగ్గర రైల్వే స్టేషన్ ఉందని కూడా రాశారు. ఆ రైలు ఉంది కాబట్టి సరిపోతుంది అంటున్నాను. ఆదివారం రేసు ట్రాక్ మీద కారులో ఏదైనా విరిగితే సోమవారం ఆఫీసుకు వెళ్లే దారి ఇంకొకటి ఉండి తీరాలి. అది లేనివాళ్లకు మాత్రం రెండు కార్లు కొనమనే చెబుతాను.

నేను ఇదే రాష్ట్రంలో ఐదేళ్లుగా నడుపుతున్నాను. మొదట చేసిన తప్పు చెబుతాను, మీకు ఒక వేసవి మిగులుతుంది. అప్పటికే డ్రిఫ్టింగ్ కోసం సిద్ధం చేసి పెట్టిన కారు కొన్నాను. బకెట్ సీటు, హైడ్రాలిక్ హ్యాండ్‌బ్రేక్, వెల్డింగ్ చేసిన డిఫరెన్షియల్ (వెనక రెండు చక్రాలకూ ఇంజను శక్తి పంచే గేర్ల పెట్టె), అన్నీ ఉన్నాయి. తీసుకెళ్లి నడుపుకోవడమే అన్నాడు అమ్మినాయన. మొదటి రోజు మూడో రౌండులోనే ఇంజను వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాకా వెళ్లింది. బానెట్ ఎత్తి చూస్తే రేడియేటర్ ఫ్యాను తీగలు రెండూ మెలిపెట్టి, పైన టేపు చుట్టి ఉన్నాయి. ఆ టేపు కరిగి నల్లటి జిగురులా వేలికి అంటుకుంది. లోపల ఇలాంటి అతుకులు ఇంకా ఎన్ని ఉన్నాయో ఆ తర్వాత ఒక్కొక్కటిగా తెలిసింది. ఆ వేసవిలో కారు నడిపింది రెండు రోజులు. మిగిలిన వారాంతాలన్నీ దాని కిందే పడుకున్నాను.

అందుకే ఎవరూ చేయి వేయని కారు కొనండి. కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉన్నది, సర్వీసు రసీదులు ఉన్నది, చూడటానికి అతి సాధారణంగా ఉన్నది. ఇంజను శక్తి వెనక చక్రాలకు వెళ్లాలి, గేర్లు చేత్తో మార్చేది కావాలి, డిఫరెన్షియల్ లిమిటెడ్ స్లిప్‌ది, అంటే ఒక చక్రమే ఊరికే తిరిగిపోకుండా రెండింటికీ శక్తి అందేలా చూసేది, అయి ఉండాలి. మామూలు డిఫరెన్షియల్ అయితే పట్టు లేని ఒక చక్రమే గిర్రున తిరుగుతుంది, కారు జారుడు మధ్యలో తెగిపోతుంది. అమ్మేవాళ్ల మాట నమ్మనక్కర లేదు. వెనక రెండు చక్రాలనూ జాకీతో లేపి, స్టాండ్ల మీద నిలిపి, ముందు చక్రాలకు అడ్డుపెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి ఒకదాన్ని చేత్తో తిప్పండి. రెండోది ఎదురు దిశలో సులువుగా తిరిగితే అది చాలావరకు మామూలుదే.

మీ డబ్బుకు నేను చెప్పేది నిస్సాన్ 350జెడ్. నా రెండో కారు అదే, ఇప్పటికీ అదే. 3.5 లీటర్ల వీ6 ఇంజను, 2003 మోడల్‌లో 287 హార్స్‌పవర్. ముందు వెనక చక్రాల మధ్య దూరం 2,650 మిల్లీమీటర్లు కావడంతో తోక, అంటే కారు వెనక భాగం, తిరిగేటప్పుడు మనకు ఆలోచించుకునే సమయం దొరుకుతుంది. మాజ్దా మియాటా అంటే నాకు ఎంతో ఇష్టం, తేలికగా ఉంటుంది, టైర్లు ఎక్కువ కాలం వస్తాయి. కానీ మొదటి తరం మియాటాలో ఆ దూరం 2,265 మాత్రమే, కళ్లు మూసి తెరిచేలోగా చుట్టు తిరిగిపోతుంది. బీఎండబ్ల్యూ ఈ46 నడిపితే వదలబుద్ధి కాదు. అయితే వెనక సబ్‌ఫ్రేమ్ (వెనక చక్రాల భాగాలను మోసే చట్రం) బిగించే చోట నేల రేకు పగలడం ఆ కారుకు తెలిసిన జబ్బు. కింద దూరి, టార్చిలైటు వేసి చూడకుండా కొనకండి. అందరూ కలలు కనే నిస్సాన్ 240ఎస్ఎక్స్ అమెరికాలో అమ్మింది 1989 నుంచి 1998 మోడళ్ల దాకానే. ఇప్పుడు తుప్పు లేనిది దొరకడం కష్టం, దొరికితే ధర మీకు అందదు.

కారు మీద 6 వేలకు మించి పెట్టకండి. మిగిలిన 3 వేలూ టైర్లకు, కొత్త కూలెంటు, ఇంజనాయిల్, బ్రేకు ప్యాడ్లకు, స్నెల్ ముద్ర (భద్రతా పరీక్ష నెగ్గిన గుర్తు) ఉన్న హెల్మెట్టుకు, ప్రవేశ రుసుములకు. వెనక టైర్లు సెకండ్‌హ్యాండ్‌వి చాలు, ముందువి మాత్రం మంచివి వేయండి. స్టీరింగు మాట వినేది ముందు టైర్లతోనే. టర్బో, ఎక్కువ కోణం తిరిగే స్టీరింగు భాగాలు, ఇవన్నీ మొదటి ఏడాది అక్కర లేదు. డ్రిఫ్ట్ కింగ్ అని పిలిచే జపాన్ రేసర్ కెయిచి సుచియా పేరుతో పాటు లోకమంతా తెలిసిన టొయోటా ఏఈ86లో ఉన్నది 1.6 లీటర్ల ఇంజనే.

నేర్చుకోవడం తడి స్కిడ్‌ప్యాడ్ (కారు జారడం సాధన చేసే చదునైన ఖాళీ స్థలం) మీద మొదలుపెట్టండి. తడి నేల మీద తక్కువ వేగంలోనే చక్రాలు జారతాయి, టైరూ అరగదు, గుండే అదరదు. నా మొదటి రోజు ఒక్క కోన్ చుట్టూ తిరగడంతోనే సరిపోయింది. రెండో గేరు, కొంచెం యాక్సిలరేటర్, క్లచ్ టక్కున తొక్కి వదలడం, తోక పక్కకు జారడం, నేను స్టీరింగు బిగించి పట్టుకోవడం, కారు గిర్రున తిరిగి ఆగిపోవడం. ఇరవై సార్లు ఇదే. మన డ్రైవింగ్ స్కూల్లో స్టీరింగు వదలకూడదనే కదా నేర్పారు! పక్క సీట్లో కూర్చున్న శిక్షకుడు చివరికి నా మోచేయి తట్టి, వదిలేయమన్నాడు. వదిలాను. స్టీరింగు నా అరచేతుల మధ్య నుంచి సర్రున తనంతట తానే జారుతున్న వైపు తిరిగింది, తగినంత తిరిగాక పట్టుకున్నాను, కారు పక్కవాటుగా అలాగే నిలిచింది. మహా అయితే రెండు సెకన్లు. ఆ రెండు సెకన్ల కోసమే ఈ ఐదేళ్లూ వెళుతున్నాను.

ఇంకొక మాట కూడా ఆయనదే. నా కళ్లు కోన్ మీద ఉన్నాయి కాబట్టి కోన్‌నే గుద్దుతున్నానన్నాడు. వెళ్లాల్సిన చోటు కనిపించేది పక్క కిటికీలో నుంచి అయితే, అందులో నుంచే చూడాలి. కోన్ చుట్టూ తిరగడం వచ్చాక రెండు కోన్ల మధ్య ఎనిమిది అంకె వేయండి. బరువు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మారే ఆ క్షణం చేతికి పట్టుబడే దాకా అదే చేయండి.

మన దగ్గర ఇంగ్లిష్‌టౌన్‌లో రేస్‌వే పార్క్ ఉంది, అక్కడ క్లబ్ లూస్ వాళ్లు ఏళ్ల తరబడి డ్రిఫ్ట్ రోజులు నడుపుతూ వచ్చారు. వెళ్లే ముందు మీ ఇన్సూరెన్స్ పత్రం పూర్తిగా చదవండి. ట్రాక్ మీద జరిగిన నష్టాన్ని మామూలు పాలసీలు సాధారణంగా చెల్లించవు.

రోడ్డు మీద మాత్రం వద్దు. ఖాళీ పార్కింగ్ అయినా, అర్ధరాత్రి అయినా వద్దు. రోడ్డు దాటే మనిషి కనిపించేసరికి మీ కారు పక్కకు చూస్తూ ఉంటుంది, ఆపడం మీ చేతిలో ఉండదు. పైగా మీరు వీసా మీద ఉన్నారు. ఎప్పుడైనా అరెస్టయ్యారా అని వీసా దరఖాస్తు అయిన డీఎస్-160 ఫారంలో అడుగుతారు, రేపు వీసా స్టాంపింగ్‌కు హైదరాబాద్ వెళ్లినప్పుడు దానికి జవాబు రాయాల్సింది మీరే.

హైదరాబాద్‌లో మీ తమ్ముడికీ ఈ పిచ్చి ఉందన్నారు. అక్కడ మామూలు ధరలో దొరికే చిన్న కార్లు దాదాపు అన్నీ ముందు చక్రాలతో నడిచేవే, వాటితో ఇది రాదు. గో కార్టింగ్‌కు వెళ్లమనండి. అద్దెకిచ్చే కార్టుకు ఇంజను శక్తి వెనక ఇరుసుకే వెళుతుంది, తోక జారడమంటే ఏమిటో నడుముకు తెలుస్తుంది.

చూడబోయే కారు ఏ ఊళ్లో ఉందో ఇక్కడ రాయండి. శనివారం అయితే జాకీ, స్టాండ్లు, టార్చిలైటు పట్టుకుని నేనూ వస్తాను.