పిల్లవాడి పరుగు గురించి

అమ్మాయీ,

నీ కథ అందింది. తండ్రి ఎక్కిన బస్సును అందుకోవాలని ఆ పిల్లవాడు పొలాలకు అడ్డంపడి పరుగెత్తే ఘట్టం గురించే ఈ ఉత్తరం. మిగతా కథ బాగుంది, దాని జోలికి పోను.

ఆ ఒక్క పేజీలో పిల్లవాడు వేగంగా పరుగెత్తాడు, గాలి వేగంగా వీచింది, బస్సు వేగంగా వెళ్ళిపోయింది, కాలువ కూడా వేగంగానే పారింది. అన్నింటికీ ఒకే మాట వేసేసరికి ఏదీ కదలలేదు. తెలుగులో దేని వేగం దానికుంది. ఏటిది వడి, వరదది ఉరవడి, వానది జోరు, గాలిది విసురు. పనిచేసే చేతిలో చురుకు ఉంటుంది. తొందర వెనక భయమో ఆశో ఉంటుంది, దూకుడుకు ముందువెనకలు ఉండవు. లేడిపిల్ల చెంగున దూకుతుంది, పాము సరసర పాకుతుంది, అప్పుడే నడక నేర్చిన బొద్దుపాప గునగున నడుస్తుంది. మరి నీ పిల్లవాడు ఎలా పరుగెత్తాడు? గట్టు మీద తూలాడా, బురదలోంచి కాళ్ళు పీక్కున్నాడా? నువ్వు చూడందే నేను చూడలేను.

భౌతికశాస్త్రాన్ని తెలుగులో చదువుకున్నవాళ్ళకు వడి వేరు, వేగం వేరు. ఎంత త్వరగా కదులుతోందో చెబితే వడి. ఎటు కదులుతోందో కూడా చెబితేనే వేగం. గుండ్రని బాటలో ఒకే వడితో తిరిగే వస్తువుకు కూడా వేగం క్షణక్షణం మారుతుంది, దిక్కు మారుతోంది కనుక. కథ రాసేవాళ్ళకు ఈ తేడా ఎంతో అవసరమని నా నమ్మకం. నీ పేజీలో పిల్లవాడు బస్సుకు ఎదురు వెళ్తున్నాడో, వెనక పడ్డాడో తెలియలేదు. నాన్న దూరమైపోతున్నాడన్న దుఃఖమంతా ఆ దిక్కులోనే ఉంది కదా!

ఇక వాక్యం. పరుగును చూపించాలంటే పొట్టి వాక్యాలు రాయాలని నీకెవరో చెప్పినట్టున్నారు. ‘లేచాడు. గట్టు దిగాడు. కాలువ దాటాడు. రోడ్డెక్కాడు.’ ప్రతి చుక్క దగ్గరా వాడు ఆగి నిలబడుతున్నాడు. ‘లేచి, గట్టు దిగి, కాలువ దాటి, ముళ్ళకంపకు చొక్కా చిరిగినా చూసుకోకుండా రోడ్డెక్కేసరికి బస్సు మలుపు తిరుగుతోంది’ అని రాసి చూడు. ‘లేచి, దిగి, దాటి’ లాంటి మన అసమాపక క్రియలు పాఠకుణ్ణి ఆగనివ్వవు. వాక్యాన్ని ముగించే సమాపక క్రియ వచ్చేదాకా ఊపిరి బిగబట్టిస్తాయి. పొట్టి వాక్యాలను బస్సు తప్పిపోయాక ఉపయోగించు, పిల్లవాడు నిలబడిపోయిన చోట.

ఛందస్సు సూత్రాలు రాసిన మన లాక్షణికులకు ఈ నడకల సంగతి బాగా తెలుసు. రగడలకు, అంటే మాత్రల లయతో నడిచే పద్యాలకు, వాళ్ళు పెట్టిన పేర్లు చూడు: హయప్రచారం, తురగవల్గనం, ద్విరదగతి, హరిణగతి, వృషభగతి. గుర్రం, ఏనుగు, లేడి, ఎద్దు! మాత్ర అంటే ఒక హ్రస్వాక్షరం పలికేంత సేపు. గుర్రాల పేరున్న ఆ రెండూ మూడు మాత్రల గణాలతో, అంటే మూడేసి మాత్రల అడుగులతో, సాగుతాయి. ఏనుగుది ఐదు మాత్రల అడుగు. వృషభగతిలో మూడు మాత్రలు, నాలుగు మాత్రలు ఒకదాని వెంట ఒకటి పడతాయి. వచనానికి మాత్రలు లెక్కపెట్టమనను. కానీ ఏదైనా ఒక రగడను బిగ్గరగా చదివి, వెంటనే నీ పేజీని అంత గొంతుతోనూ చదువు. ఎక్కడ కుంటుతోందో నీ చెవే చెబుతుంది.

‘వేగంగా’ అన్నవన్నీ కొట్టేసి ఆ ఘట్టం మళ్ళీ రాయి. కొన్నిచోట్ల దాని బదులు ఏమీ అక్కరలేదు, క్రియ ఒక్కటే చాలు. రాసినది సంక్రాంతిలోపు పంపితే వెంటనే చదువుతాను.

ఆశీస్సులతో.