అమ్మలూ, ముందు ఆ రిజిస్టర్లు తియ్యి

విశాఖపట్నం

చిరంజీవి అమ్మలుకు మావయ్య ఆశీస్సులు.

నాన్నగారి పెద్దకర్మ అయిన మర్నాడే నువ్వు హైదరాబాద్ వెళ్లిపోవలసి వచ్చింది. కూర్చుని మాట్లాడుకోవడానికి వీలు కాలేదు. సంతాప సభ ఎక్కడ పెడదాం, నాన్నగారి ఫొటోలతో పుస్తకం వేస్తే ఎలా ఉంటుంది అని ఫోన్‌లో అడిగావు. రెండూ చేద్దాం. కానీ షాపు ఓనరు నెలాఖరుకల్లా ఖాళీ చెయ్యమన్నాడు కాబట్టి ముందు ఆయన ఫొటో స్టూడియో సంగతి చూడాలి. ముప్పై ఏళ్లు ఆ డార్క్‌రూమ్‌లో ఆయన పక్కన నిలబడ్డవాణ్ణి. ఆ చనువుతోనే రాస్తున్నాను.

కెమెరాలు జాగ్రత్త, లైట్లు జాగ్రత్త అని అందరూ చెబుతారు. నేను మాత్రం కౌంటర్ కింద అరలో ఉన్న ఎర్ర అట్టల రిజిస్టర్లు ముందు తియ్యమంటాను. ప్రతి నెగెటివ్ కవరు మీదా ఒక నంబరు ఉంటుంది. రిజిస్టర్‌లో ఆ నంబరుకి ఎదురుగా పేరు, ఊరు, సైజు, ఇచ్చిన అడ్వాన్సు ఉంటాయి. అవి పాత కాగితాలతో కలిసి తూకానికి వెళ్లిపోతే, నెగెటివ్‌లు వేలున్నా వాటిలో ఉన్నది ఎవరో చెప్పేవాళ్లు ఉండరు. పాతకాలం ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1905లో పోయారు. ఆయన గాజు నెగెటివ్‌లు ఇప్పుడు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. నెగెటివ్ మీదే నంబరు వేసుకునే అలవాటు ఆయనకు ఉండబట్టి, ఏది ఏమిటో ఇన్నాళ్లకు కూడా పోల్చుకోగలుగుతున్నారు. మన నంబర్ల వివరాలన్నీ ఆ ఎర్ర పుస్తకాల్లో ఉన్నాయమ్మా.

నెగెటివ్‌లను ప్లాస్టిక్ కవర్లలో పెట్టకు. మన సముద్రపు గాలికి చెమ్మ పట్టి అతుక్కుపోతాయి. యాసిడ్ లేని కాగితం కవర్లు దొరుకుతాయి, వాటిలోకి మార్చు. నాన్నగారి చేతిరాత ఉన్న పాత కవర్లను పారెయ్యకుండా వేరే పెట్టెలో వరసగా ఉంచు. బీరువాలో సిలికా జెల్ పెట్టు, నీలం గింజలు గులాబీ రంగుకి తిరిగితే మార్చు. వెనిగర్ వాసన కొట్టే ఫిల్ములు కనిపిస్తే వెంటనే వేరు చేసెయ్. అది పక్కవాటినీ పాడుచేస్తుంది. స్కానింగ్‌కి మొదట అవి, తర్వాత కలర్ నెగెటివ్‌లు ఇవ్వు. బ్లాక్ అండ్ వైట్ కొన్నాళ్లు ఆగుతుంది.

నీకు ఎప్పుడూ చెప్పలేదు, నా సొంత నెగెటివ్‌లు 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుపానుకి పోయాయి. ట్రంకుపెట్టె నేలమీదే ఉంచేశాను. నీళ్లు దిగాయి. ఇంటి పైకప్పు, కరెంటు గొడవలో పడి పది రోజులు దాన్ని తెరవలేదు. తెరిచేసరికి అన్నీ కలిసి ఇటుకలా గట్టిపడ్డాయి. తడిగా ఉన్నప్పుడే మంచినీళ్లలో వేసి ఒక్కొక్కటీ విడదీసి ఆరబెడితే చాలావరకు దక్కేవి. అందుకే ఏదీ నేలమీద పెట్టొద్దు అంటున్నాను.

ఇంకో మాట, ఇది చాలా ముఖ్యం. స్కాన్ చేసేవాళ్లు నెగెటివ్‌ని ద్రావకంతో తుడుస్తామంటే ఒప్పుకోకు. ఒకటి తీసి దీపం ముందు ఏటవాలుగా పట్టుకుని చూడు. కళ్ల కింద, బుగ్గ దగ్గర చీమ కాళ్లంత సన్నటి పెన్సిల్ గీతలు కనిపిస్తాయి. అది మురికి కాదు, మీ నాన్నగారి టచప్. పెన్సిల్ మొనని ఉప్పుకాగితం మీద సూదిలా అరగదీసి, ఊపిరి బిగబట్టి ఒక్కో గీతా పెట్టేవారు. ముఖం మీద మచ్చ తగ్గించేవారు గానీ వయసు ఎప్పుడూ చెరిపేవారు కాదు. "ఆ ముడతలు ఆవిడ సంపాదించుకున్నవిరా, మనకేం హక్కు" అనేవారు. ద్రావకం తగిలితే ఆ గీతలన్నీ పోతాయి.

ఇక మనుషుల సంగతి. స్టూడియో గోడ మీద జాలారిపేట ముసలమ్మ ఫొటో ఉంది కదా, ఆవిడ వచ్చింది పాస్‌పోర్ట్ సైజుకి. 120 రకం ఫిల్ము రోల్‌లో పన్నెండు ఫొటోలే వస్తాయి, అయినా ఆవిడ బిగుసుకుపోయిందని నాన్నగారు కెమెరా వదిలేసి ఎదురుగా స్టూలు మీద కూర్చున్నారు. వేట ఎలా ఉంది, కొడుకు ఏ బోటు మీద వెళ్తున్నాడు అని అడిగారు. కొడుకు మాట రాగానే ఆవిడ మెడ కాస్త తిప్పి గుమ్మం వైపు చూసింది. అప్పుడు నొక్కారు. పాస్‌పోర్ట్‌కి మళ్లీ ఇంకోటి తీసి, దానికే డబ్బులు తీసుకున్నారు. రిజిస్టర్‌లో "జాలారిపేట, పాస్‌పోర్ట్ 6" అని మాత్రమే ఉంది. పేరు లేదు. ప్రింటు పట్టుకుని మనమిద్దరం అక్కడికి వెళ్లి అడుగుదాం.

ఇలా తిరిగేటప్పుడు "మా నాన్న గురించి చెప్పండి" అని అడగకు. పెద్దాయన, మంచివారు అంటారు, అక్కడితో ఆగిపోతుంది. ఆ రోజు ఫొటో ఎందుకు దిగారు, తోడు ఎవరొచ్చారు, ఆ చీర ఎవరిది అని అడుగు. చెప్పినవి ప్రింటు వెనక పెన్సిల్‌తో రాసుకో. బాల్‌పెన్ రాత ముందువైపుకి అచ్చు పడుతుంది. వయసు మళ్లినవాళ్ల దగ్గరికి ముందు వెళ్దాం. షిప్‌యార్డ్‌లో రిటైరైనవాళ్లు చాలామంది ఉన్నారు మన రిజిస్టర్లలో.

పెళ్లిచూపుల ఫొటోలు మాత్రం పుస్తకంలో గానీ ఫోన్లలో గానీ పెట్టొద్దు తల్లీ. కుదరని సంబంధాల కోసం దిగిన ఫొటోలు వాటిలో ఎన్నో. ఇప్పుడు వాళ్లకి మనవలు ఉండి ఉంటారు. వాళ్లు స్వయంగా సరే అంటేనే.

సభ సంవత్సరీకం నాటికి పెట్టుకుందాం. ద్వారకానగర్ పౌరగ్రంథాలయంలో అయితే అందరికీ అందుబాటుగా ఉంటుంది. ఫ్లెక్సీలకీ శాలువాలకీ డబ్బు పెట్టకు, ఆ డబ్బుతో పెద్ద ప్రింట్లు వేయిద్దాం. ఫొటో దిగినవాళ్లనే పిలిచి మొదటి వరసలో కూర్చోబెడదాం.

శుక్రవారం గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి బయలుదేరు. పొద్దున్నే దిగి నేరుగా స్టూడియోకి వచ్చెయ్, తాళం నా దగ్గరే ఉంది. అట్టపెట్టెలు, మెత్తని కాటన్ గ్లౌజులు రెండు జతలు తెచ్చి ఉంచుతాను. అత్తయ్య నీకు టిఫిన్ కట్టి పంపుతానంది.

ఇట్లు,
మావయ్య