ప్రణాళిక రాసే ముందు చెరువు చుట్టూ ఒకసారి నడువు

చిరంజీవి అమ్మాయికి, బెంగళూరు నుంచి పెదనాన్న ఆశీస్సులు.

హోసకోటె పక్క మన ఊరి పంచాయతీ ప్రణాళిక పని నీ మీద పడిందని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. టెన్షన్ పడకు. ఫారాలు నింపడం ఎవరైనా నేర్పుతారు.

చాలా ఊళ్లలో ప్రణాళిక అంటే సిమెంటు రోడ్లు, మోరీల జాబితా. పోయినేటి కాగితానికే తేదీ మార్చి పంపేస్తారు. నువ్వు మాత్రం నీళ్లతో మొదలుపెట్టు. ఊరి మ్యాపు పట్టుకుని, చెరువు నీళ్లు పొలాలకు వదిలే పాత నీరుగంటి పెద్దాయన్ను వెంటబెట్టుకుని చెరువు చుట్టూ తిరుగు. వాన నీళ్లు ఏ రాజకాలువలో (పెద్ద వాన కాలువలో) దిగుతున్నాయి, తూము పనిచేస్తోందా, చెరువు నిండి మరవ (అలుగు) దాటిన నీళ్లు ఏ కుంటకు పోతున్నాయి, ఆ దారిలో ఎవరు కంచె వేశారు, ఎక్కడ మట్టి పోశారు, అన్నీ సర్వే నంబర్లతో రాసుకో. గోమాళం (పశువుల మేత భూమి), గుండుతోపు (ఊరుమ్మడి చెట్ల తోపు) ఎంత మిగిలాయో కూడా చూడు.

చెరువు మన పని కాదని ఎవరైనా అంటే, రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో పంచాయతీల కోసం రాసిన 29 విషయాల్లో మూడోది చూపించు: చిన్ననీటి పారుదల, నీటి యాజమాన్యం.

నేనుండే బెళ్లందూరు కూడా 2007లో బెంగళూరు నగరపాలక సంస్థ బీబీఎంపీలో కలిసేదాకా పంచాయతీయే. పైనున్న నగరం మురుగంతా చెరువులోకి దిగి, 2017లో నీళ్ల మీదే మంటలు లేచాయి. ఆ పొగ తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. మన హోసకోటె వైపూ లేఅవుట్లు వరసగా వస్తున్నాయి. పంచాయతీ ముందుకు ఏ లేఅవుట్ కాగితం వచ్చినా, దాని మురుగు ఎటు పోతుందని మొదట అడుగు. జవాబు వచ్చాకే మిగతా మాట.

వార్డు సభ పొద్దున పెడితే కూలికి పోయే ఆడవాళ్లు రాలేరు. సాయంత్రం డెయిరీలో పాలు పోసొచ్చాక పెట్టు. ఏ పని కావాలని అడిగితే అందరూ రోడ్డే అంటారు. బోరు ఎన్ని అడుగులకు పడింది, బిందె నిండడానికి ఎంతసేపు నిలబడుతున్నారు అని అడిగి చూడు, అసలు సంగతి బయటికొస్తుంది. ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించుకుని సభ జరిగినట్టు రాస్తే మాత్రం ఒప్పుకోకు.

2021-26కు పదిహేనో ఆర్థిక సంఘం పంచాయతీలకు ఇచ్చిన గ్రాంట్లలో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే కేటాయించారు. ఆ లెక్క సభలో గట్టిగా చదివి వినిపించు.

చెరువు హద్దుల సర్వేకు తహశీల్దారుకు అర్జీ ఈ వారమే పెట్టు, అది ఆలస్యమయ్యే పని. రాసింది ముందు నాకు వాట్సాప్ చెయ్యి, చూసి చెప్తాను.

మీ పెదనాన్న