సంతకం ఆయనది, సంజాయిషీ మీదా?

ప్రశ్న: మాది హనుమకొండ. పరకాల రోడ్డు వైపు కొత్త వెంచర్‌లో, మామయ్య రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులతో కొన్న ప్లాటులో ఇల్లు కట్టుకున్నాం. మామయ్య మాజీ సైనికుడు. 1987లో శ్రీలంకలోని జాఫ్నాలో తన కళ్లముందే చనిపోయిన దోస్తు గురించి ఇప్పటికీ చెప్తుంటారు. మా వెంచర్ పక్కనున్న సర్కారు భూమిలో మాజీ సైనికులకు శ్మశానవాటిక, స్మారకం కావాలని ఆయన, తోటివాళ్లు అర్జీ పెట్టారు. కాలనీవాళ్లు వద్దంటున్నారు. వద్దని వాళ్లు రాసిన కాగితం మీద మావారు కూడా సంతకం పెట్టారు. మామయ్యకు తెలియదు. ‘నువ్వు చెప్తే బాపు వింటడు, అర్జీ వాపస్ తీసుకునేటట్టు చూడు’ అని మావారు రోజూ నన్నే పోరుతున్నారు. ఒకటే టెన్షన్. ఇంటి పక్కన శ్మశానం వాస్తు దోషమా? ఇల్లు అమ్మేయమంటారా?

జవాబు: వాస్తు సంగతి వదిలేయండమ్మా. 2019లో పల్లె ప్రగతి మొదలయ్యాక మన దగ్గర ఊరూరా వైకుంఠధామాల పేరుతో శ్మశానవాటికలు కట్టారు. జనం ఊళ్లు ఖాళీ చేసి పోలేదు. మీ కాలనీవాళ్ల అసలు బెంగ గజం రేటు. లోన్ తీసుకుని కట్టుకున్నవాళ్లకు ఆ బెంగ ఉండటం తప్పేమీ కాదు. కాకపోతే దానికి పిల్లలు జడుసుకుంటారనీ, దోషమనీ ముసుగులెందుకు?

మీ ఉత్తరంలో నాకు గుచ్చుకున్న మాట ‘నువ్వు చెప్తే బాపు వింటడు’. కన్నతండ్రికి ఎదురుగా నిలబడి ‘నేను సంతకం పెట్టిన’ అనలేని మనిషి, ఆ పని కోడలి నెత్తిన పెడుతున్నాడు. రేపు ఇంట్లో గొడవైతే ఎవరి పేరు వినిపిస్తుందో మీకు తెలుసు. ‘కోడలొచ్చి మనసు విరిచింది’ అంటారు. మీ గొడవ శ్మశానంతో కాదు, మీ ఆయనతో.

మామయ్య పట్టుదల ఎక్కడ నుంచి వచ్చిందో మీ ఆయన ఎప్పుడైనా అడిగారా? శాంతి పరిరక్షణకని శ్రీలంకకు వెళ్లిన మన సైన్యంలో 1987 నుంచి 1990 దాకా దాదాపు 1,200 మంది చనిపోయారు. చాలామందికి అక్కడే దహనం చేసి, ఇంటికి సామాన్లు పంపారు. పెట్టెలో జెండా కప్పుకుని జవాన్లు సొంతూరికి రావడం మనం ఎక్కువగా చూసింది 1999 కార్గిల్ నుంచే. అక్కడ చనిపోయిన మనవాళ్ల పేర్లతో కొలంబో దగ్గర శ్రీలంక ప్రభుత్వం స్మారకం కట్టింది, సరే. ఇక్కడి నుంచి ఏ తల్లి పోయి చూసొస్తుంది? ఆ వయసులో అంత చూసి వచ్చిన మనిషి, తన తోటివాళ్లకు ఊరి దగ్గర కాస్త జాగా అడుగుతున్నాడు. అది ముసలితనపు మొండితనంలా కనిపిస్తే, చూసేవాళ్లలోనే ఏదో లోపం ఉంది. నా పక్షపాతం తెలిసిపోతోంది కదా, తెలియనివ్వండి.

అలాగని మీ ఆయనకు వద్దనే హక్కు లేదనను. తండ్రీకొడుకులు చెరో కాగితం మీద సంతకం పెట్టి, ఒకే కంచం ముందు కూర్చోవచ్చు. దాచిపెట్టడమే నాకు నచ్చలేదు. ఈ రాత్రే ఆయనతో ఒక్క మాట అనండి: ‘మీ బాపుకు మీరే చెప్పండి, నేను మధ్యలో ఉండను.’ అలిగితే అలగనివ్వండి. ప్రజావాణిలో అధికారి ముందు ఎవరో ఆ పేర్లు చదివితే మామయ్యకు తెలియడం కంటే, కొడుకు నోటి నుంచి తెలియడం నయం.

చెప్పాక ఇద్దరినీ కలిసి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లమనండి. ఆ జాగాలో దహనాలు జరుగుతాయా, స్మారకం ఒక్కటేనా, ప్రహరీ ఉంటుందా, దారి మీ వీధిలోంచా వేరే వైపు నుంచా, ఇవేవీ కనుక్కోకుండానే కాలనీ అంతా సంతకాలు పెట్టినట్టుంది.

ఇక ఇల్లు అమ్మడమంటారా? ఆ ప్లాటు మామయ్య డబ్బులతో కొన్నదని మీరే రాశారు. ఆ ప్రశ్న నన్ను కాదు, ఆయన్ని అడగాలి. అది కూడా మీ ఆయనే అడగాలి.