పాత డెస్క్‌టాప్‌కి ర్యామ్ కొనబోతున్న తమ్ముడికి

తమ్ముడూ, డల్లాస్ వచ్చి రెండు నెలలైంది, యూనివర్సిటీ పాత సామాన్లలో డెల్ ఆప్టిప్లెక్స్ 7010 కొన్నావు, 4 జీబీ ర్యామ్‌తో (కంప్యూటర్ పని చేస్తున్నంతసేపు వాడుకునే మెమరీ) నత్తలా నడుస్తోంది, ర్యామ్ పెంచాలా కొత్తది కొనాలా అని అడిగావు. కొత్తది కొనకు. ఇండియాలో అప్పు వడ్డీ పెరుగుతుంటే ఇక్కడ కార్డు గీకడం మీ వయసులో తేలిగ్గానే ఉంటుంది. బిల్లు వచ్చాకే తెలుస్తుంది.

నేను 2014లో దిగినప్పుడు ఇలాగే ఆప్టిప్లెక్స్ 755 కొన్నాను. నలభై డాలర్లు. అప్పుడు డాలరు 60 రూపాయల పైనే, అంటే 2,400 రూపాయలకు పైమాటే. నాన్న పొలం బ్యాంకులో ఉంది కాబట్టి ప్రతి ఖర్చూ రూపాయల్లోకి మార్చుకునేవాణ్ణి. అలాంటివాణ్ణి ర్యామ్ దగ్గర రెండుసార్లు బోల్తా పడ్డాను.

మొదటిసారి మూత తీసి చూడకుండానే డీడీఆర్3 అనే మూడో తరం ర్యామ్ తెప్పించాను. నా మెషిన్‌ది అంతకు ముందు తరం డీడీఆర్2. రెండిటికీ 240 పిన్నులే, సరిపోతుందనుకున్నా. కింది అంచున ఉండే గాడి చోటు వేరు, స్లాట్‌లో దిగలేదు. గట్టిగా నొక్కి ఉంటే బోర్డు పోయేది. వాపసు పంపడానికి పదకొండు డాలర్లు నా చేతి నుంచే పోయాయి. అవి నాకు వారం కూరగాయలు.

రెండోసారి సగం ధరకే దొరికాయని రెండు ర్యామ్ స్టిక్కులు కొన్నా. లేబుల్ మీద ఈసీసీ రిజిస్టర్డ్ అని ఉంది, అర్థం తెలియదు. అది సర్వర్ మెమరీ. స్లాట్‌లో చక్కగా కూర్చుంది, ఆన్ చేస్తే బీప్‌లు, తెర మీద ఏమీ లేదు. వాడిన సరుకు వాపసు తీసుకోనన్నాడు అమ్మినవాడు. ఇరవై ఎనిమిది డాలర్లు. మొత్తం ముప్ఫై తొమ్మిది, అంటే దాదాపు ఇంకో కంప్యూటర్ డబ్బు. ఆ వారమంతా రాత్రిళ్లు అన్నం, మజ్జిగే. ఆ తర్వాత అన్నీ చదివి నేర్చుకుని, అదే మెషిన్ మీద మాస్టర్స్ పూర్తి చేశాను.

నీ 7010కి కావాల్సింది డీడీఆర్3, 1600 వేగం, ఈసీసీ లేనిది. టవర్‌లో నాలుగు స్లాట్లు, 32 జీబీ దాకా పడుతుంది. మరీ చిన్న పెట్టె మోడల్ అయితే ల్యాప్‌టాప్ సైజు స్టిక్కులు కావాలి, అది తప్పకుండా చూసుకో. ఒకే రకం రెండు కొను, జతగా ఉంటే వేగం బాగుంటుంది. చదువుకి 8 జీబీ చాలు. వర్చువల్ మెషిన్లు (ఒక కంప్యూటర్‌లోనే ఇంకో కంప్యూటర్‌లా నడిచే సాఫ్ట్‌వేర్) నడిపితేనే 16. మిగిలిన డబ్బుతో పాత హార్డ్ డిస్క్ తీసేసి చిన్న సాటా ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కేబుల్‌కే తగిలించే, చిప్‌లతో నడిచే వేగమైన డిస్క్) పెట్టు. నా అనుభవంలో తేడా ఎక్కువ కనిపించేది దానితోనే. విండోస్ 32 బిట్ అయితే ఎంత ర్యామ్ పెట్టినా 4 జీబీ దాటి వాడదు. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగింది, నీ మూడో తరం ప్రాసెసర్ విండోస్ 11కి పనికొచ్చే ప్రాసెసర్ల జాబితాలో లేదు. ఆ వివరాలు మైక్రోసాఫ్ట్ సైట్‌లో ఉన్నాయి. విండోస్ బదులు వాడుకునే లైనక్స్ మింట్ ఉచితం.

అందుకే ఈ పెట్టె మీద ఎక్కువ పోయకు. వాడిన డీడీఆర్3 సరిపోతుంది, వాపసు తీసుకునేవాడి దగ్గరే కొను. ప్లగ్ పీకేసి, మూత తీసి, ఒంటి మీది స్థిర విద్యుత్ పోవడానికి లోపలి ఇనుప చట్రం ఒకసారి తాకి, ఏ స్లాట్‌లో ఏముందో లేబుళ్లు ఫోటో తీసి నాకు పంపు. అప్పటిదాకా కార్డు బయటికి తీయకు.